ఆట వెనక లెక్క: స్టేడియం నిండితే క్లబ్ గల్లా నిండుతదా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లల్ల సగం కంటె ఎక్కువ ఫుట్‌బాల్ క్లబ్‌ల పైసల గురించే ఉన్నయ్. నల్లగొండ నుంచి పాలమూరు దాంక పోరగాళ్ళు అర్ధరాత్రి దాంక మేల్కొని యూరప్ మ్యాచ్‌లు చూస్తున్నరని ఈ ప్రశ్నలు చదివితేనే తెలుస్తుంది. అందుకే ఈసారి క్రికెట్, కబడ్డీ పక్కన పెట్టి పేజీ మొత్తం దీనికే ఇస్తున్న.

ప్రశ్న: సార్ నమస్తే. లండన్ క్లబ్ వెస్ట్ హామ్ స్టేడియంల 62 వేల మంది పడతరు, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌ల దానికంటె పెద్దయి రెండే ఉన్నయ్. మరి ఆమ్దానీల ఆర్సెనల్, టోటెన్‌హామ్‌ల దగ్గరికి గూడ ఎందుకు రాదు? జనం అంతే కదా?
– డిగ్రీ స్టూడెంట్, మిర్యాలగూడ

జవాబు: జనం అంతే తమ్మీ, గానీ ఆ జనం పెట్టే పైసలు పోయే జేబు వేరు. వెస్ట్ హామ్ ఆడే లండన్ స్టేడియం 2012 ఒలింపిక్స్ కోసం సర్కారు సొమ్ముతోటి కట్టింది, క్లబ్ దాంట్ల కిరాయికి ఉంటది. 35 వేల మంది పట్టే పాత అప్టన్ పార్క్ ఇడిచిపెట్టి 2016ల 99 ఏండ్ల లీజు మీద ఇక్కడికి వచ్చిండ్రు, కిరాయి మొదట్ల ఏడాదికి 25 లక్షల పౌండ్లు. ఆ ఒప్పందం కాగితాలు అదే ఏడాది బయటికొచ్చినయ్, చూసి లండన్ జనం గరమైండ్రు, ఎందుకంటె గడ్డి చూసుకునుడు, గేట్ల కాడ మనుషులు, ఆఖరికి గోల్ పోస్టులు, కార్నర్ జెండాల ఖర్చు గూడ స్టేడియం వాళ్ళ మీదనే పెట్టిండ్రు. ఒలింపిక్ మైదానాన్ని ఫుట్‌బాల్‌కు పనికొచ్చేటట్టు మార్చుడుకే 32 కోట్ల పౌండ్లు దాటినయ్, అది గూడ ఎక్కువ భాగం జనం సొమ్మే.

ఇంత సస్తా కిరాయి దొరికినంక క్లబ్‌కు ఇంకేం కావాలె అనిపిస్తది. కానీ రెండో దిక్కు చూడాలె. అక్కడ తినేటియి తాగేటియి అమ్ముడు క్లబ్ సొంతంగ చేసుకునే దందా కాదు, మ్యాచ్ లేని రోజులల్ల పాటల కచేరీ పెట్టినా, 2019ల లాగ అమెరికా బేస్‌బాల్ వాళ్ళు వచ్చి ఆడిపోయినా ఆ పైసలు వెస్ట్ హామ్ గల్లాల పడయ్. మన జాతరలల్ల కొబ్బరికాయల దుకాణం, తలనీలాలు, బండ్ల పార్కింగు ముందుగాలనే వేలంపాట పెడతరు కదా, జాతరకు లక్ష మంది వచ్చినా రెండు లక్షల మంది వచ్చినా ఆ పైసలు పాట పాడుకున్నోడియే. స్టేడియంల గూడ గట్లనే. టికెట్ ఎవరిది, తిండి ఎవరిది, పార్కింగు ఎవరిది, గోడ మీది బోర్డు ఎవరిది, స్టేడియంకు పెట్టే పేరు ఎవరు అమ్ముకోవాలె, ఇవన్నీ ఒక్కొక్కటి విడివిడిగ రాసుకుంటరు, ఏది ఎవరికి పోయిందో తెల్వకుండ ఉత్త జనాన్ని లెక్కపెడితే ఏం అర్థం కాదు.

ఇగ ఆర్సెనల్ సంగతి. వాళ్ళు 2006ల 38 వేల మంది పట్టే పాత హైబరీ మైదానం నుంచి 60 వేల మంది పట్టే కొత్త స్టేడియంకు పోయిండ్రు, అయిన ఖర్చు 39 కోట్ల పౌండ్ల దాంక, సొంతం కాబట్టి అప్పు గూడ సొంతమే. మొదటి ఏడాదే మ్యాచ్ రోజు ఆమ్దానీ (అంటే ఏడాదిల అన్ని మ్యాచ్ రోజులల్ల స్టేడియం మీద వచ్చే పైసలు) 4.4 కోట్ల పౌండ్ల నుంచి 9 కోట్ల పౌండ్లు దాటింది, అంటే రెట్టింపు మీదికి పోయింది. చూసినవా, సీట్లు రెట్టింపు కాలేదు గానీ పైసలు రెట్టింపైనయ్. ఎందుకంటె కొత్త స్టేడియంల నడిమి అంతస్తు మొత్తం క్లబ్ లెవెల్ అని 7,000 ఖరీదైన సీట్లు, దాని మీద 150 బాక్సులు పెట్టిండ్రు, కంపెనీల వాళ్ళు ఏడాది మొత్తానికి తీసుకుంటరు, భోజనం అన్నీ దాంట్లనే. గోల్ వెనక కూసోని గొంతు చించుకునే అభిమాని కంటె ఆ సీట్ల కూసున్నోడు ఎన్నో రెట్లు ఎక్కువ కడతడు. నాకు ఇది నచ్చదు, గానీ పెద్ద క్లబ్‌ల లెక్క ఇదే.

దానికి కట్టిన ధర గూడ చెప్పాలె. స్టేడియం కట్టుడుకు ముందస్తుగ పైసలు కావాలెనని 2004లనే ఎమిరేట్స్ విమాన కంపెనీకి స్టేడియం పేరు 15 ఏండ్లకు, జెర్సీ మీద పేరు 8 ఏండ్లకు కలిపి 10 కోట్ల పౌండ్లకు రాసిచ్చిండ్రు. అప్పటికి అది మస్తు పెద్ద రకమే, గానీ రెండు మూడేండ్లు తిరిగేసరికి మార్కెట్ ఎక్కడికో పోయింది, పక్క క్లబ్‌లు జెర్సీ మీదనే అంతకంత గుంజుతుంటె వీళ్ళు పాత రేటుకే కట్టుబడి ఉండాల్సి వచ్చింది. అప్పు కిస్తులు ఒక దిక్కు, మంచి ప్లేయర్లను అమ్ముకునుడు ఒక దిక్కు, 2005 తర్వాత మళ్ళ 2014 దాంక ఒక్క కప్పు లేదు. ఆ డీల్ లేకుంటే స్టేడియమే లేచేది కాదు కాబట్టి నేనైతే తప్పు పట్టను, కానీ అంత ఎక్కువ ఏండ్లకు రాసియ్యకుండ ఉండాల్సింది.

టోటెన్‌హామ్ వాళ్ళు ఈ తప్పులు చూసి నేర్చుకున్నరనిపిస్తది. 2019ల తెరిచిన 62,850 సీట్ల స్టేడియంకు దాదాపు 100 కోట్ల పౌండ్లు అయినయ్. ఫుట్‌బాల్ గడ్డి మూడు ముక్కలుగ విడిపోయి దక్షిణం దిక్కు గ్యాలరీ కిందికి జరుగుతది, కింద ఇంకో ప్లాస్టిక్ మైదానం ఉంటది, దాని మీద అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిపిస్తరు, కచేరీలు పెడతరు, 2023ల బియాన్సే అక్కడ ఐదు రాత్రులు పాడింది. లోపల 65 మీటర్ల బారు, బీరు గ్లాసు అడుగు నుంచి నిండే మిషన్లు. ఆ మిషన్లు ఎందుకంటె ఇంగ్లండ్‌ల 1985 చట్టం ప్రకారం మైదానం కనపడే చోట కూసోని మందు తాగొద్దు, కాబట్టి అందరు హాఫ్ టైమ్ 15 నిమిషాలల్లనే కౌంటర్ల మీద పడతరు, ఒక్క గ్లాసు నింపుడుకు పట్టే టైమ్ నాలుగు సెకన్లు తగ్గినా వేల గ్లాసుల అమ్మకం పెరుగుతది. లైన్ చూసి వాపస్ పోయినోడి పైసలు మళ్ళ రావు కదా. విచిత్రం ఏందంటె ఇంత చేసినోళ్ళు గూడ స్టేడియం పేరును మాత్రం తొందరపడి తక్కువకు అమ్మలేదు, ఏండ్ల కొద్ది ఖాళీగనే ఉంచిండ్రు.

వెస్ట్ హామ్ వెనకబడుడుకు స్టేడియం ఒక్కటే కారణం అంటలేను, లీగ్‌ల ఎన్నో స్థానంల ఉన్నరు, యూరప్ పెద్ద క్లబ్‌ల పోటీ చాంపియన్స్ లీగ్ ఆడుతున్నరా లేదా అన్నది గూడ పైసల మీద పెద్ద దెబ్బే.

ప్రశ్న: పెద్ద స్టేడియం ఉంటేనే పెద్ద క్లబ్ అనుకుంటిమి. యువెంటస్ మాత్రం ఉన్నదాన్ని కూలగొట్టి చిన్నది కట్టిందంట, నిజమేనా? లాస్ కాదా?
– ఆర్టీసీ ఉద్యోగి, గద్వాల

జవాబు: నిజమేనండీ, లాస్ కాదు సరికదా ఇటలీల చాన క్లబ్‌లు ఇప్పటికీ అదే దారి వెతుకుతున్నయ్. పాత స్టేడియం డెల్లె ఆల్పి 1990 ప్రపంచ కప్ కోసం ఊరి మునిసిపాలిటీ కట్టింది, 69 వేల మంది పడతరు, గానీ మైదానం చుట్టు పరుగు పందాల ట్రాక్ ఉండేసరికి వెనక కూసున్నోళ్ళకు ఆట చీమల లెక్క కనపడేది. అంత దూరం పోయి పైసలిచ్చి చలిల కూసోని ఎవరు చూస్తరు? 2001-02 సీజన్‌ల సంప్డోరియాతోటి ఒక కప్పు మ్యాచ్‌కు వచ్చింది 237 మంది. యువెంటస్ అంటే ఇటలీల అందరికంటె ఎక్కువ అభిమానులున్న క్లబ్, దాని మ్యాచ్‌కు మన ఊర్లె పెండ్లి విందుకు వచ్చినంత మంది గూడ రాలేదు.

2011ల అదే జాగల 41 వేల సీట్లతోటి సొంతంగ కట్టుకున్నరు. ట్రాక్ తీసేసిండ్రు, సీట్లు గడ్డి అంచు దాంక తెచ్చిండ్రు. సీట్లు తక్కువైనయ్ కాబట్టి టికెట్ దొరుకుడు కష్టమైంది, అప్పుడే కొనకపోతే పోతదన్న భయానికి జనం సీజన్ టికెట్ ముందే తీసుకునుడు మొదలుపెట్టిండ్రు, ధర గూడ పెంచుకోగలిగిండ్రు. సగం ఖాళీ ఉన్న స్టేడియంల ఎవడు ముందుగాల కొనడు, మ్యాచ్ రోజు పొద్దుగాల వాన పడతదా లేదా చూసి అప్పుడు బయలెల్తడు.

ఉల్టా నడిచిన కథ గూడ ఉన్నది. ఇంగ్లండ్‌ల డార్లింగ్టన్ అని కింది డివిజన్ క్లబ్, ఓనరు ఆశకు పోయి 2003ల 25 వేల సీట్ల స్టేడియం కట్టిండు. వచ్చేది రెండు వేల మంది. లైట్లు, శుభ్రం, మరమ్మతు అన్నీ 25 వేల సీట్లకు అయినట్టే అయితయ్ గానీ టికెట్లు రెండు వేలే తెగుతయ్. దివాళా మీద దివాళా తీసి ఆఖరికి క్లబ్ ఆ స్టేడియంనే ఇడిచిపోయింది. ఇది చదివినప్పుడల్లా నాకు మస్తు బాధైతది, ఎందుకంటె ఆ అభిమానులు చేసిన తప్పేం లేదు.

ప్రశ్న: అన్నా, మ్యాచ్‌ల అనౌన్సర్ 59 వేల మంది వచ్చిండ్రని చెప్తడు, టీవీల చూస్తె సీట్లు ఖాళీగ కనపడతయ్. అబద్ధమా?
– ఇంటర్ విద్యార్థి, దేవరకొండ

జవాబు: అబద్ధం కాదు తమ్మీ, ఇంగ్లండ్‌ల చాన క్లబ్‌లు చెప్పేది తెగిన టికెట్ల లెక్క, గేటు దాటిన మనుషుల లెక్క కాదు. సీజన్ టికెట్ ఉన్నోడు ఇంట్ల పండుకున్నా వచ్చినట్టే రాస్తరు. టికెట్ పైసలు ఎట్లాగూ ముందే ముట్టినయ్, గానీ ఆ మనిషి రాకపోతే తిండి, స్కార్ఫు, ప్రోగ్రాం బుక్కు ఏం కొనడు, పక్కపక్కన ఖాళీ సీట్లు కనపడితే స్పాన్సర్ గూడ మొఖం మాడుస్తడు. అందుకే సీజన్ టికెట్ ఉన్నోడు రాలేనప్పుడు వేరేవాళ్ళకు మళ్ళ అమ్ముకునే ఏర్పాటు క్లబ్‌లే చేస్తున్నయ్.

ప్రశ్న: కిరాయికి ఉంటే అప్పు తిప్పలు లేవు, కట్టే ఖర్చు లేదు. చిన్న క్లబ్‌కు కిరాయే మంచిది కదా సార్, ఎందుకు అందరు సొంతం సొంతం అంటరు?
– లెక్చరర్, జడ్చర్ల

జవాబు: మేడమ్, మీరన్నది సగం కరెక్టే. కిరాయి తప్పు కాదు, ఎట్లాంటి కిరాయి అన్నది చూసుకోవాలె. దీనికి ఇంగ్లండ్ క్లబ్ కొవెంట్రీ సిటీ కంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు, అందుకే జెర వివరంగ చెప్తా.

కొవెంట్రీ వాళ్ళు నూరేండ్లకు పైగ ఆడిన సొంత హైఫీల్డ్ రోడ్ మైదానాన్ని అమ్మేసుకోని 2005ల 32 వేల సీట్ల కొత్త అరీనాకు పోయిండ్రు. అసలు ఆ కొత్త దాంట్ల క్లబ్‌కు సగం వాటా ఉండె, గానీ పైసలు లేక స్టేడియం తయారు కాకముందే ఒక ధర్మసంస్థకు అమ్ముకున్నరు. ఇగ కిరాయి ఏడాదికి 12 లక్షల పౌండ్ల పైన, తిండి, పార్కింగు ఆమ్దానీ క్లబ్‌కు రాదు. పై డివిజన్ల ఉన్నప్పుడే బరువు, ఇంక కింది డివిజన్‌కు జారినంక జనం తగ్గిండ్రు, టీవీ పైసలు తగ్గినయ్, కిరాయి మాత్రం అంతే ఉన్నది. 2012ల కట్టుడు బంద్ పెట్టిండ్రు, కోర్టులకు ఎక్కిండ్రు. పంతానికి పోయి 2013ల ఏకంగ 50 కిలోమీటర్ల పైన దూరం ఉన్న నార్తాంప్టన్ మైదానంల ఇంటి మ్యాచ్‌లు ఆడిండ్రు. అభిమానులు ఊరు కాని ఊరికి పోమని భీష్మించుకున్నరు, వచ్చినోళ్ళు రెండు వేల పైచిలుకు. కొందరైతే ఆ మైదానం బయట ఉన్న గుట్ట మీద నిలబడి చూసిండ్రు, క్లబ్‌ను ఇడిచిపెట్టబుద్ధి కాదు, ఓనర్లకు రూపాయి ఇయ్యబుద్ధి కాదు. ఒక ఊరి జనానికి తమ క్లబ్ మీద ఉన్న ప్రేమ, కోపం రెండూ ఒక్కటే చోట అంత సాఫ్‌గ కనపడిన దృశ్యం ఇంకోటి నాకు యాదికి రాదు.

తర్వాత వాపస్ వచ్చిండ్రు గానీ అదే టైమ్‌ల, 2014ల, ఆ అరీనాను వాస్ప్స్ అనే రగ్బీ క్లబ్ కొనుక్కున్నది, అంటే ఊరి ఫుట్‌బాల్ క్లబ్ బయటి నుంచి వచ్చిన రగ్బీ వాళ్ళ దగ్గర కిరాయికి ఉండాల్సి వచ్చింది. మళ్ళ లొల్లి, 2019 నుంచి రెండేండ్లు బర్మింగ్‌హామ్‌ల ఆడుడు. వాస్ప్స్ గూడ 2022ల దివాళా తీసింది. చివరికి 2025 ఆగస్టుల కొవెంట్రీ క్లబ్బే ఆ స్టేడియంను కొనుక్కున్నది. తిరిగి తిరిగి అక్కడికే రావుడుకు ఇరవై ఏండ్లు పట్టింది.

జర్మనీ క్లబ్ బాయెర్న్ మ్యూనిక్ దిక్కు చూస్తె ఇంకో రకం. 2005ల అలయాంజ్ అరీనాను బాయెర్న్, అదే ఊరి 1860 మ్యూనిక్ సగం సగం కట్టుకున్నరు. మరుసటి ఏడాదే 1860కి పైసలు ఆడక తన సగం వాటాను కోటీ 10 లక్షల యూరోలకు బాయెర్న్‌కే అమ్ముకోని దాంట్లనే కిరాయిదారు అయింది, 2017ల ఖాళీ చేసి పోయింది. బాయెర్న్ ఏమో 2014ల క్లబ్‌ల ఎనిమిది శాతం పైచిలుకు వాటాను అలయాంజ్ ఇన్సూరెన్స్ కంపెనీకి 11 కోట్ల యూరోలకు ఇచ్చి, స్టేడియం అప్పు మొత్తం గడువు కంటె 16 ఏండ్ల ముందే తీర్చేసింది. గోడలు అవే, సీట్లు అవే.

కాబట్టి మేడమ్, కిరాయికి పోతే ఒక్కటి అడగాలె: జనం తగ్గినప్పుడు కిరాయి గూడ తగ్గుతదా అని. తగ్గేటట్టు రాసుకుంటే కిరాయి దివ్యంగ నడుస్తది.

ప్రశ్న: టీవీ పైసలే వందల కోట్లు వస్తయంటరు. ఇంక స్టేడియంకు జనం వచ్చినా రాకున్నా ఒక్కటే కదా?
– మెడికల్ షాపు ఓనరు, నాగర్‌కర్నూల్

జవాబు: మాంచెస్టర్ యునైటెడ్ లెక్కనే చూడుండ్రి. 2023-24ల మొత్తం ఆమ్దానీ 66 కోట్ల పౌండ్ల చిల్లర, దాంట్ల మ్యాచ్ రోజు వచ్చింది 13.7 కోట్లు, అంటే రూపాయిల ఇరవై పైసలు. ఖాళీ స్టేడియంలతోటి నడిచిన కరోనా సీజన్ 2020-21ల అదే మ్యాచ్ రోజు ఆమ్దానీ 71 లక్షల పౌండ్లకు పడిపోయింది. పైగ ప్రీమియర్ లీగ్‌ల ఇంగ్లండ్ లోపలి టీవీ పైసలల్ల సగం అందరికి సమానంగ పంచుతరు, ఆ సగంల పోటీ క్లబ్‌కు వచ్చినంతనే నీకూ వస్తది, నీకు ప్రత్యేకంగ మిగిలేటియిల స్టేడియం పైసలు ఒకటి. కింది డివిజన్లల్ల, స్కాట్లండ్ లాంటి చోట్ల టీవీ పైసలు తక్కువ, గేటు మీద వచ్చిందే జీతాలకు పోతది, అక్కడి సెల్టిక్ క్లబ్ 60 వేల సీట్లు నింపుకోకపోతే ఆ స్థాయి ఆటగాళ్ళను పెట్టుకోలేదు.

స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్ తన బెర్నబ్యూ స్టేడియంను బాగుచేయించుకున్నంక 2023-24ల మ్యాచ్ రోజు ఆమ్దానీ దాదాపు 25 కోట్ల యూరోలకు చేరింది, మొత్తం 100 కోట్ల యూరోలు దాటిన మొట్టమొదటి ఫుట్‌బాల్ క్లబ్ అదే. అయితే కచేరీల మీద పెట్టుకున్న ఆశ మాత్రం ఆగిపోయింది, చప్పుడు తట్టుకోలేక చుట్టుపక్కల ఇండ్లోళ్ళు కొట్లాడితే 2024ల బంద్ పెట్టాల్సి వచ్చింది.

ప్రశ్న: హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన టీం. మూడేండ్లకే ఊరిడిచి ఢిల్లీకి పోయింది. మన దగ్గర ఫుట్‌బాల్‌కు జనం లేకనేనా?
– పీఈటీ సార్, నల్లగొండ

జవాబు: సార్, ఇది రాస్తుంటెనే పానం కలుక్కుమంటది. 1950 నుంచి 1954 దాంక వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్ కొట్టిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీం మనది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల దేశాన్ని నాలుగో స్థానంల నిలబెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మనోడు. జనం లేరన్న మాట నేను ఒప్పుకోను.

ఒక్క సంగతి గమనించుండ్రి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019ల పుట్టింది, మొదటి సీజన్ అయిందో లేదో కరోనా వచ్చింది. 2020-21, 2021-22 రెండు సీజన్లూ మొత్తం గోవాలనే ఆడిపిచ్చిండ్రు. అంటే కప్పు గెలిచిన ఏడాది గచ్చిబౌలిల ఒక్క ఇంటి మ్యాచ్ లేదు, ఒక్క టికెట్ తెగలేదు. ఒక టీంకు ఊరితోటి చుట్టరికం కలిసేది గెలుస్తున్నప్పుడే, తండ్రి కొడుకును తీసుకపోయి కూసోబెట్టేది అప్పుడే, సరిగ్గ ఆ రెండేండ్లు టీం ఊర్లె లేదు. తిరిగొచ్చినంక 30 వేల సీట్ల సర్కారు స్టేడియంల జనం పలుచగ కనపడేది, స్టేడియం సొంతం కాదు, ఐఎస్‌ఎల్‌ల టీవీ వాటా యూరప్ లెక్క క్లబ్‌ను సాకేంత రాదు. ఆమ్దానీ చాలక ఓనర్లు మారిండ్రు, 2025ల టీం స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది.

జనం ఒక్కటే చాలదనుడుకు కోల్‌కతా సాక్ష్యం. 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌ల ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌కు సాల్ట్ లేక్ స్టేడియంల 1,31,781 మంది కూసున్నరు, ఆ స్టేడియం బెంగాల్ సర్కారుది. అంత జనం ఉన్న క్లబ్‌లు గూడ సొంత పెద్ద స్టేడియం కట్టుకోలేకపోయినయ్. మన దిక్కు శ్రీనిధి డెక్కన్ క్లబ్ వాళ్ళు అజీజ్‌నగర్‌ల చిన్నదే అయినా సొంత మైదానం పెట్టుకున్నరు, నాకైతే ఆ దారే నచ్చుతది.

ప్రశ్న: ఇంగ్లండ్‌ల చిన్న పెద్ద క్లబ్‌లు కలిసి ఆడే ఎఫ్‌ఏ కప్‌ల చిన్న క్లబ్‌లు పెద్ద క్లబ్ ఇంటికి పోయి ఓడిపోయినా సంబురపడతయెందుకు?
– కొల్లాపూర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: లీగ్ మ్యాచ్‌ల గేటు పైసలు మొత్తం ఇంటి టీంవే, 1983 నుంచి అట్లనే నడుస్తుంది. ఎఫ్‌ఏ కప్‌ల మాత్రం ఖర్చులు పోంగ మిగిలిన దాంట్ల ఇద్దరికి చెరి 45 శాతం వస్తదమ్మా. అంటే మాంచెస్టర్ యునైటెడ్ స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌ల 70 వేల మంది కొన్న టికెట్లల్ల చిన్న క్లబ్‌కు గూడ వాటా. 2005 జనవరిల ఎక్సెటర్ సిటీ, అప్పుడది లీగ్ బయట అప్పులల్ల మునిగున్న క్లబ్, అక్కడ యునైటెడ్‌ను 0-0తోటి ఆపింది, దానితోటి తన ఊర్లె మళ్ళొక మ్యాచ్ వచ్చింది, అది ఓడిపోయింది గానీ రెండు మ్యాచ్‌ల పైసలతోటి అప్పులల్ల నుంచి గట్టెక్కింది. డ్రా అయితే మళ్ళ ఆడే ఆ పద్ధతిని 2024-25 నుంచి తీసేసిండ్రు. పెద్ద క్లబ్‌ల షెడ్యూల్ కోసం చిన్నోళ్ళ కడుపు కొట్టిండ్రని నా బాధ.

ప్రశ్న: అన్నా, మేం సంక్రాంతికి సెవెన్స్ (టీంకు ఏడుగురు) ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెడుతున్నం. ప్రైవేట్ స్కూల్ గ్రౌండ్ కిరాయికి అడిగితే, కిరాయి వద్దు, క్యాంటీన్, పార్కింగు మాకు ఇడిచిపెట్టుండ్రి అంటున్నరు. ఒప్పుకోవాల్నా?
– యూత్ క్లబ్ మెంబర్, వనపర్తి

జవాబు: తొందరపడకు తమ్మీ. ముందుగాల మీరు టికెట్ పెడుతున్నరా లేదా చెప్పలేదు. ఊర్లల్ల టోర్నమెంట్‌కు టికెట్ పెడితే జనం గోడ దూకుతరు, లేకుంటె రారు, కాబట్టి టికెట్ లేదనే అనుకుంటున్న. టికెట్ లేనప్పుడు మీకొచ్చేది టీం ఎంట్రీ ఫీజు, బ్యానర్లు, చాయ్ మిర్చి బజ్జీల దుకాణం, బండ్ల పార్కింగు, ఇంతే. వాటిల రెండు ఇచ్చేస్తె మిగిలేది ప్రైజు మనీకే సరిపోదు.

కిరాయి ఇంత అని ఒక రకం ఖాయం చేసుకోని క్యాంటీన్ మీరే పెట్టుకోండి, లేకుంటె క్యాంటీన్ వాళ్ళకిచ్చి పార్కింగు మీ దగ్గర పెట్టుకోండి. ఫైనల్ రోజు జనం మూడు నాలుగింతలు వస్తరు, ఆ ఒక్కరోజు అమ్మకంల సగం మీకని అడిగి చూడు, చాన మంది ఒప్పుకుంటరు. స్కూల్ గోడ మీద బ్యానర్ కడితే పైసలు ఎవరికి, స్కూల్ బ్యానర్ ఎక్కడ ఉండాలె అన్నది ఇప్పుడే తేల్చుకో, లొల్లంతా అక్కడే వస్తది. వాన పడి మ్యాచ్ వాయిదా పడితే ఆ రోజు కిరాయి లేదని గూడ రాయించు. తెల్ల కాగితం మీద రాసుకున్నా ఫరవాలేదు, ప్రిన్సిపాల్ సార్ సంతకం, మీ క్లబ్‌ల ఇద్దరి సంతకాలు, ఫైనల్ తారీకు ఉంటే సరిపోతది. లైట్లు, జనరేటర్ డీజిల్ ఎవరి ఖర్చో మాత్రం మర్చిపోకు.